ఎనిమిది గ్రాముల ఇత్తడి నిపుల్: వీధి శుభ్రత సామగ్రి ఎగుమతిలో చిక్కు ఎక్కడ పడుతుంది

బరంపురంలోనో రాయగడలోనో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో తయారయ్యే చెత్త తోపుడు బండిని తీసుకుందాం. పైపు ఫ్రేము, రెండు 120 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు, రబ్బరు చక్రాలు, చేతిపట్టుకు నల్ల గ్రిప్పులు, మీద పసుపు రంగు. మొత్తం బరువు 42 కిలోలు. మన మున్సిపాలిటీ అయితే టెండర్లో రేకు మందం, చక్రం సైజు, వారంటీ అడుగుతుంది. అదే బండి యూరప్‌లో ఒక నగరానికి వెళ్లాలంటే అక్కడి దిగుమతిదారు ముందు అడిగేది బండి బలం గురించి కాదు. ఇరుసుకు బిగించిన గ్రీజు నిపుల్, అంటే గ్రీజు ఎక్కించే చిన్న మూతి, ఉక్కుదా, ఇత్తడిదా? ఇత్తడిదైతే అందులో సీసం ఎంత?

లాత్ మీద సులువుగా తెగే ఇత్తడిలో సీసం సుమారు 3 శాతం ఉంటుంది. నిపుల్ బరువు 8 గ్రాములు అనుకుంటే అందులో సీసం 0.24 గ్రాములు. 42 కిలోల బండి మొత్తానికి లెక్కిస్తే అది 0.0006 శాతం కూడా కాదు. కానీ యూరోపియన్ యూనియన్ రసాయనాల చట్టం, అంటే 2006 నాటి 1907వ నంబరు నిబంధన, వ్యవహారంలో రీచ్, బండి మొత్తం బరువుతో భాగించనివ్వదు. 2015 సెప్టెంబర్ 10న యూరోపియన్ న్యాయస్థానం ఈ సంగతి తేల్చేసింది. ఒకసారి విడి వస్తువుగా తయారైనది పెద్ద వస్తువులో బిగించాక కూడా విడి వస్తువే. కాబట్టి ఆందోళనకర పదార్థం దాటితే వెల్లడించి తీరాల్సిన 0.1 శాతం గీతను నిపుల్‌కు విడిగా గీయాలి. అక్కడ 3 శాతం ఉంది, అంటే గీతకు ముప్పై రెట్లు.

సీసం 2018 నుంచి ‘అత్యంత ఆందోళనకర పదార్థాల’ జాబితాలో ఉంది. జాబితాలో ఉందంటే నిషేధించారని కాదు, ఇక్కడ చాలామంది పొరపడతారు. దాచకుండా చెప్పాలన్నదే నియమం. గీత దాటిన ప్రతి విడి వస్తువు వివరాన్నీ అక్కడి దిగుమతిదారు స్కిప్ అనే డేటాబేసులో నమోదు చేయాలి. ఈ బాధ్యత 2021 జనవరి 5 నుంచి అమల్లో ఉంది. వినియోగదారుడు ఎవరైనా అడిగితే 45 రోజుల్లో జవాబివ్వాలి. ఆ సమాచారం పుట్టేది మన షెడ్డులో. మనం ఇవ్వకపోతే అతను నమోదు చేయలేడు, నమోదు చేయలేని సరుకును తీసుకోవడానికి భయపడతాడు. నిబంధన ఎక్కడో యూరప్‌లో ఉన్నా, దాని బరువు మన కొనుగోలు పుస్తకం మీదే పడుతుంది.

ఈ ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ముడిసరుకు వ్యాపారమంతా నోటి మాట మీద నడుస్తుంది. హార్డ్‌వేర్ దుకాణంలో తెలుగులో బేరం, ఒడియాలో బిల్లు, ‘లెడ్ ఫ్రీయేనండీ, భయం లేదు’ అన్న హామీ. నమ్మకంతో నడిచే వ్యాపారాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ హామీ కంటైనరు ఎక్కదు. ఎక్కాలంటే సరఫరాదారు సంతకంతో, బ్యాచ్ నంబరుతో కాగితం కావాలి. అందుకే ఆర్డర్ చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని బండిని కాగితం మీద విప్పేయడం. ఫ్రేము, డబ్బా, మూత, ఇరుసు, బుష్షు, నిపుల్, బోల్టు, వాషరు, గ్రిప్పు, చక్రం, రిఫ్లెక్టర్ స్టిక్కరు, ప్రతిదానికీ ఒక వరుస. పక్కన పదార్థం, బరువు, పూత, సరఫరాదారు, కాగితం ఉందా లేదా. మామూలు తోపుడు బండికే ముప్పై నలభై వరుసలు తేలతాయి. వాటిలో ఐదారే అసలు ప్రమాదం, అవి దాదాపు ఎప్పుడూ అన్నిటికంటే చౌకైన చిన్న ముక్కలే.

నిపుల్‌ను ఉక్కుదానికి మార్చేస్తే ఒక వరుస తీరుతుంది. అయితే ఉక్కు అనగానే నిశ్చింత పడకూడదు. లాత్ షాపుల్లో పిన్నులు, స్పేసర్లు చేయడానికి ఇష్టపడే ఈఎన్1ఏ లెడెడ్ కడ్డీలో సీసం 0.15 నుంచి 0.35 శాతం వరకు ఉంటుంది. అదీ గీత పైనే. ఆర్డర్లో ‘నాన్ లెడెడ్’ అని రాసి, ఈఎన్8 లాంటి మామూలు కార్బన్ ఉక్కు అడగాలి. లాత్ పని కొంచెం నెమ్మదిస్తుంది, బిట్లు త్వరగా అరుగుతాయి. ఆ ఖర్చు ధరలో ముందే కలుపుకోవాలి.

పసుపు రంగు వెనక

వీధి శుభ్రత సామగ్రికి పసుపు, నారింజ రంగులు వేయడానికి కారణం అందరికీ తెలుసు. రోడ్డు మీద దూరం నుంచే కనబడాలి. సరిగ్గా ఈ రెండు రంగుల్లోనే సీసం, ఆరో స్థితి క్రోమియం (హెక్సావలెంట్ అనే విషపు రూపం) రెండూ కలిసి దాక్కుంటాయి. లెడ్ క్రోమేట్ చౌక, ఒక్క పూతకే అడుగు కనబడకుండా కప్పేస్తుంది, ఎండకు వెలవదు. దాన్నీ, దాని అన్నదమ్ముల్లాంటి సల్ఫోక్రోమేట్ పసుపునూ మాలిబ్డేట్ ఎరుపునూ యూరప్ 2010లోనే ఆందోళనకర జాబితాలో చేర్చింది. 2015 మే 21 తర్వాత అక్కడ అనుమతి లేకుండా వాడకూడదు.

మన దేశంలో రంగుల్లో సీసం మీద నిబంధన ఉంది కదా అనొచ్చు. ఉంది. 2016 నాటి ఆ నియమాలు పెట్టిన హద్దు 90 పీపీఎం. కానీ అవి ఇళ్ల రంగులకూ అలంకరణ రంగులకూ మాత్రమే. పారిశ్రామిక ఎనామెల్ వాటి పరిధిలోకి రాదు. ఇంటి గోడకు కొన్న డబ్బా శుభ్రంగా ఉండి, అదే దుకాణంలో బండికి కొన్న డబ్బా ఉండకపోవచ్చు. డబ్బా మీద పెద్ద కంపెనీ పేరుందని ఊరుకోకూడదు.

ఇక్కడ లెక్క మళ్లీ మలుపు తిరుగుతుంది. పూతను విడి వస్తువుగా చూడరు, పూత పడిన వస్తువుతో కలిపి చూస్తారు. ఎండిన పొరలో లెడ్ క్రోమేట్ 10 శాతం ఉందనుకుందాం. 26 కిలోల ఫ్రేము మీద పొర 200 గ్రాములైతే లెడ్ క్రోమేట్ 20 గ్రాములు, అంటే 0.08 శాతం లోపే. గీత దాటలేదు. అదే రంగు 400 గ్రాముల రేకు చెత్త చేట మీద 20 గ్రాములు పడితే లెడ్ క్రోమేట్ 2 గ్రాములు, అంటే 0.5 శాతం. గీతకు ఐదు రెట్లు. ఒకే డబ్బా, ఒకే పెయింటరు, ఒకే రోజు. బరువైన ఫ్రేము నెగ్గింది, పల్చటి చేట ఓడింది. నమూనాగా ఫ్రేము ముక్కను ల్యాబుకు పంపి, ఆ రిపోర్టు చేటకు కూడా చూపించేవారు ఇక్కడే దెబ్బ తింటారు.

ఈ లెక్కతో ఫ్రేముకు పాత రంగే కొనసాగించొచ్చని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. ఆ రంగు దుమ్మును మొదట పీల్చేది యూరప్ పౌరుడు కాదు, మామూలు గుడ్డ మూతికి కట్టుకుని స్ప్రే గన్ పట్టుకున్న మన కుర్రాడు. గుడ్డ ఆ సన్నటి తుంపరను ఆపదు. వెల్డింగ్ రిపేరు కోసం అదే ఫ్రేమును మళ్లీ గ్రైండర్‌తో గీకేదీ అతనే.

బదులుగా బిస్మత్ వనాడేట్ పసుపు, లేదా సేంద్రియ పసుపు రంగులు వాడతారు. ఇవి ఖరీదు. సేంద్రియ పసుపుకు కప్పే శక్తి కూడా తక్కువ, బూడిద రంగు ప్రైమర్ మీద వేస్తే పచ్చ ఛాయ కొడుతుంది. అప్పుడు పెయింటరు మూడో పూత, నాలుగో పూత వేస్తాడు, పొర మందమై అంచుల్లో పెచ్చులూడుతుంది. ప్రైమర్‌ను తెలుపుకో లేత పసుపుకో మార్చితే రెండు పూతల్లో పని అయిపోతుంది. ఆర్డర్లో ‘రాల్ 1023’ లేదా ‘రాల్ 2011’ అని రాల్ ఛాయల పట్టీలోని నంబరు రాసి, పక్కనే ‘సీసం, క్రోమేట్ లేనిది’ అనీ రాయాలి. ఛాయ నంబరు రంగును చెబుతుందే తప్ప అది దేనితో చేసిందో చెప్పదు.

ప్రైమర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బాడీ బిల్డింగ్ షెడ్లలో తరతరాలుగా వాడుతున్న ఇటుక రంగు ప్రైమర్ పూర్తి పేరు ‘రెడ్ ఆక్సైడ్ జింక్ క్రోమేట్’. ఆ చివరి మాటే ఆరో స్థితి క్రోమియం. పై పూత ఎంత శుభ్రమైనదైనా అడుగున ఇది ఉంటే పరీక్షలో దొరికిపోతుంది. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ అడిగి తెచ్చుకోవాలి. దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, రంగు కూడా ఒకేలా ఉంటుంది.

క్రోమియం గురించి ఒడిశాలో ఉన్నవారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. దేశంలోని క్రోమైట్ నిల్వల్లో దాదాపు అంతా ఈ రాష్ట్రంలోనే ఉంది. రాయగడ దగ్గరి తేరుబలిలో దాన్ని కరిగించి ఫెర్రోక్రోమ్ తీస్తారు. అది స్టెయిన్‌లెస్ స్టీల్లో కలిసినప్పుడు పళ్లెంలో అన్నం తినేంత నిరపాయం. అదే మూలకం ఆరో స్థితిలో నీటిలో కరిగితే ఏం చేస్తుందో జాజ్‌పూర్ జిల్లా సుకింద లోయలోని గనుల చుట్టుపక్కల ఊళ్లకు తెలుసు. కాబట్టి ‘క్రోమ్ ఉందా’ అన్నది తప్పు ప్రశ్న. ఏ స్థితిలో ఉందన్నదే అడగాలి. చేతిలో పట్టుకుని చూసే ఎక్స్‌రే గన్ ఈ తేడా చెప్పలేదు. మొత్తం క్రోమియాన్నే చూపిస్తుంది. పసుపు పెయింటు మీద సీసం, క్రోమియం రెండూ కలిసి కనబడితే లెడ్ క్రోమేట్ అని గట్టిగా అనుమానించొచ్చు. బోల్టు మీద క్రోమియం కనబడితే మాత్రం ల్యాబులో వేడినీటి పరీక్ష చేయించాల్సిందే. ఆరో స్థితి క్రోమియం ఉంటే ఆ ద్రావణం గులాబీ ఊదా రంగులోకి తిరుగుతుంది.

బోల్టులు, జింకు పూత

బంగారు ఛాయలో మెరిసే పసుపు జింకు బోల్టులు చాలావరకు ఆరో స్థితి క్రోమియం పాసివేషన్‌తో, అంటే జింకును కాపాడే పల్చటి రసాయన పొరతో, వచ్చినవే. మూడో స్థితి పాసివేషన్ ఉన్నవి నీలి తెలుపు ఛాయలో ఉంటాయి. కానీ రంగు వేసి పసుపుగా అమ్మేవీ ఉన్నాయి కనుక కంటిని నమ్మకూడదు. ఉప్పునీటి తుంపర పరీక్ష రిపోర్టులో రెండు అంకెలు వేరువేరుగా అడగాలి. తెల్ల తుప్పు ఎన్ని గంటలకు వచ్చింది, ఎర్ర తుప్పు ఎన్ని గంటలకు వచ్చింది? ఒకే అంకె ఇచ్చారంటే అది సాధారణంగా ఎర్ర తుప్పుది, పెద్దగా కనబడే అంకె. 10.9 బలం గ్రేడు, ఆపైన బోల్టులకు ఎలక్ట్రోప్లేటింగ్ చేయిస్తే పూత అయిన నాలుగు గంటల్లోపు సుమారు 200 డిగ్రీల దగ్గర ఓవెన్లో కాల్చాలి. లేకపోతే లోపల చిక్కుకున్న హైడ్రోజన్ వల్ల బిగించిన మర్నాడో మూడో రోజో తల విరిగి పడుతుంది. బ్రష్ మోటారు బిగింపులో ఇలా జరిగితే మనిషికి దెబ్బ తగులుతుంది. తోపుడు బండికి 8.8 గ్రేడు సరిపోతుంది, ఆ గొడవే ఉండదు.

ఫ్రేముకు రంగు కంటే హాట్ డిప్ గాల్వనైజింగ్ మేలని మా అభిప్రాయం. యూరప్‌లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బండి నాలుగైదు నెలలు ఉప్పు బురదలో తిరుగుతుంది. గోపాలపూర్ తీరంలో కిటికీ చువ్వలను తుప్పు ఎంత త్వరగా తినేస్తుందో చూసినవారికి దాని సంగతి అర్థమవుతుంది. ఐఎస్ఓ 1461 ప్రకారం 6 మిల్లీమీటర్లకు మించి మందమున్న ఉక్కు మీద జింకు పొర సగటున 85 మైక్రాన్లు ఉండాలి. 3 దాటి 6 మిల్లీమీటర్ల వరకు అయితే 70, 1.5 నుంచి 3 వరకు అయితే 55, అంతకన్నా పల్చనైతే 45. మనం కొనే రెడీమేడ్ జీఐ పైపు మీద పూత ఉంటుంది కదా అని దాన్నే వెల్డ్ చేసి, అతుకుల మీద వెండి రంగు కొట్టడం ఇక్కడ మామూలు. ఆ అతుకుల దగ్గరే మొదటి శీతాకాలంలో తుప్పు మొదలవుతుంది. పైగా జింకు మీద వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్ల పొగ పీల్చిన వెల్డరుకు ఆ రాత్రి జ్వరం, వణుకు. నల్ల పైపుతో వెల్డింగ్ మొత్తం పూర్తి చేసి, ఆ తర్వాత ఫ్రేము మొత్తాన్ని జింకు తొట్టిలో ముంచడమే సరైన వరస.

అప్పుడు డ్రాయింగు దశలోనే నాలుగు సంగతులు చూసుకోవాలి. జింకు తొట్టి సుమారు 450 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండు చివరలూ మూసేసిన పైపులో తేమ ఉంటే ఆ వేడికి ఆవిరై పైపు పేలుతుంది, తొట్టి దగ్గర నిలబడ్డ మనుషుల మీద కరిగిన జింకు చిందుతుంది. కాబట్టి ప్రతి మూసిన పైపుకూ రెండు చివరల్లో, ఎదురెదురుగా, కనీసం 10 మిల్లీమీటర్ల రంధ్రాలు ఉండాలి. పట్టీ మీద పట్టీ వేసి చుట్టూ వెల్డ్ చేయకుండా వదిలేసిన సందుల్లోకి, ముంచే ముందు ఉక్కును కడిగే యాసిడ్ దూరి, నెల తర్వాత గోధుమ రంగు చారలై కారుతుంది. ఇక ఉక్కులో సిలికాన్ 0.04 నుంచి 0.14 శాతం మధ్య ఉంటే జింకు అదుపు తప్పి మందంగా, బూడిదరంగులో, పెళుసుగా పేరుకుంటుంది. దెబ్బ తగిలితే పెచ్చులు లేస్తాయి. మిల్లు సర్టిఫికెట్లో సిలికాన్ వరుస చూడకుండా పైపు కొంటే తప్పు గాల్వనైజర్‌ది కాదు. నాలుగోది, ఆ పైన పౌడర్ కోటింగ్ కూడా కావాలంటే ముందు ఖాళీగా ఓవెన్లో కాల్చి లోపలి గాలిని పోగొట్టాలి. లేకపోతే పొర నిండా సూదిమొన రంధ్రాలే.

పౌడర్ ఎంచుకునేటప్పుడు ఎపాక్సీ వద్దు, ఎండకు సుద్దలా రాలిపోతుంది. పాలియెస్టర్ తీసుకోవాలి. అందులోనూ టీజీఐసీ గట్టిపరిచే పదార్థంగా వాడినది కాకుండా హెచ్ఏఏ రకం అడగాలి, ఎందుకంటే టీజీఐసీ కూడా 2012 నుంచి ఆందోళనకర పదార్థాల జాబితాలోనే ఉంది. కాలిన పొరలో అది మిగిలేది స్వల్పమే గానీ పౌడర్ బూత్‌లో నిలబడేవారికి ఆ తేడా పెద్దదే. ఏడు తొట్ల ముందస్తు శుద్ధిలో చివరి తొట్టి క్రోమేట్ పాసివేషన్ అయితే దాన్నీ మార్చాలి. జింకు ఫాస్ఫేట్ తర్వాత క్రోమియం లేని పాసివేషన్ దొరుకుతోంది.

స్టెయిన్‌లెస్ అడిగిన చోట ఇంకో మోసం కాచుకుని ఉంటుంది. మన బజారులో 202, జే4 లాంటి మాంగనీసు ఎక్కువ, నికెల్ తక్కువ ఉన్న రేకులు 304గా చలామణి అవుతుంటాయి. అయస్కాంతం వీటికీ అంటుకోదు, కాబట్టి అయస్కాంతం పరీక్ష పనికిరాదు. 304లో నికెల్ 8 శాతానికి తగ్గదు. 202లో 4 నుంచి 6. ఎక్స్‌రే గన్ ఈ పనికి బాగా పనికొస్తుంది, రేకుకు పది సెకన్లు చాలు. అతుకుల విషయంలో ఒక సూత్రం: స్టెయిన్‌లెస్ బోల్టును జింకు పూత ప్లేటుకు బిగిస్తే పెద్దగా నష్టం లేదు. జింకు బోల్టును పెద్ద స్టెయిన్‌లెస్ రేకుకు బిగిస్తే ఆ చిన్న బోల్టే బలైపోతుంది, చూస్తుండగానే పూత కరిగిపోతుంది.

ప్లాస్టిక్, రబ్బరు

డబ్బాలకు హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం పాలిథిన్, సరైనది. పాలీప్రొపిలీన్ మన ఎండలో దృఢంగా కనబడుతుంది గానీ మామూలు రకం సున్నా డిగ్రీల దరిదాపుల్లోనే పెళుసెక్కుతుంది. బరంపురంలో ఎవరూ ఆ చలిని చూడరు కాబట్టి మూత, చేట, క్లిప్పు లాంటివాటిలో ఈ తప్పు జరిగినా ఇక్కడ బయటపడదు. అక్కడ జనవరిలో లారీ నుంచి దించేటప్పుడు పగులుతాయి. గల్ఫ్‌కు పంపేటప్పుడు సమస్య ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అక్కడ అతినీల కిరణాలే శత్రువు, డబ్బా రంగుతో పాటు యూవీ స్టెబిలైజర్ మోతాదు ఎంతో కాగితం మీద తీసుకోవాలి.

రీసైకిల్ ప్లాస్టిక్ పర్యావరణానికి మేలే. కానీ ఏది రీసైకిల్ చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత పసుపు, ఎరుపు క్రేట్లలో కాడ్మియం రంగు ఉండొచ్చు. నల్ల రీసైకిల్ గుళికల్లో పాత టీవీల, కంప్యూటర్ల తుక్కు కలిసి బ్రోమిన్ మంటనిరోధకాలు దూరతాయి. పాల డబ్బాలు, షాంపూ సీసాల తుక్కు ఒకే మూలం నుంచి వస్తోందని చెప్పగలిగితేనే రీసైకిల్ వాడకం సబబు. అప్పుడు కూడా ప్రతి లాట్‌కూ బ్రోమిన్, కాడ్మియం, సీసం ఎక్స్‌రే గన్‌తో చూడాలి.

పీవీసీలో మూడు ఉచ్చులున్నాయి. మెత్తబరచడానికి వాడే డీఈహెచ్‌పీ, డీబీపీ, బీబీపీ, డీఐబీపీ అనే నాలుగు థాలేట్లు కలిపి 0.1 శాతం దాటకూడదని 2020 జులై 7 నుంచి హద్దు. ఆరుబయట మాత్రమే వాడే వస్తువులకు మినహాయింపు ఉంది, కానీ చర్మానికి ఎక్కువసేపు తగిలేదైతే ఆ మినహాయింపు చెల్లదు. నీళ్ల గొట్టానికి దొరికే వెసులుబాటు చేతి గ్రిప్పుకు దొరకదు. రెండోది సీసపు స్టెబిలైజర్. పీవీసీలో సీసం 0.1 శాతం హద్దు 2024 నవంబర్ 29 నుంచి నడుస్తోంది. మూడోది చిన్న గొలుసు క్లోరినేటెడ్ పారఫిన్లు, వస్తువులో 0.15 శాతం మించకూడదు. చౌక గొట్టాల్లో, రబ్బరు షీట్లలో ఇవి ఎక్కువగా పట్టుబడతాయి. గ్రిప్పుల వరకు పీవీసీ మానేసి, రబ్బరులా సాగే ప్లాస్టిక్ అయిన టీపీఈకి మారితే ఈ మూడింటి బెంగా ఒక్కసారే తీరుతుంది.

నల్ల రబ్బరు గ్రిప్పు వాసన చూడండి. కిరోసిన్, తారు కలిసినట్టు ఘాటుగా ఉంటే అందులో పీఏహెచ్‌లు, అంటే తారులో ఉండే హానికర హైడ్రోకార్బన్లు, ఉన్నాయని అనుమానించాలి. చౌక నల్ల నూనె నుంచి, టైరు తుక్కు పొడి నుంచి అవి వస్తాయి. సాధారణ ప్రజలకు అమ్మే వస్తువుల్లో చర్మానికి తగిలే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు ఎనిమిది పీఏహెచ్‌ల్లో ఒక్కోదానికి హద్దు కిలోకు 1 మిల్లీగ్రాము. మున్సిపాలిటీకి మాత్రమే అమ్మే బండికి ఈ హద్దు చట్టప్రకారం వర్తించకపోవచ్చు. అయినా కొనేవారు అడుగుతారు, అడగడం న్యాయం కూడా. ఆ గ్రిప్పును రోజుకు ఎనిమిది గంటలు పట్టుకునేది పారిశుద్ధ్య కార్మికులే.

బ్రష్ వెంట్రుకల గురించి ఒక అపోహ తిరుగుతోంది. 2023లో వచ్చిన మైక్రోప్లాస్టిక్ నిబంధన వల్ల ప్లాస్టిక్ బ్రష్‌లు పోతాయని. ఆ నిబంధన కావాలని కలిపే సూక్ష్మ ప్లాస్టిక్ మీద. అరిగి రాలేది దాని కిందకు రాదు. ఉక్కు తీగ బ్రష్ కలుపు మొక్కలను బాగా పీకుతుంది గానీ విరిగిన తీగలు సైకిల్ టైర్లలో దిగుతాయి.

మోటారు, బ్యాటరీ ఉంటే

మనిషి తోసే బండికి యంత్రాల చట్టం వర్తించదు. కానీ చక్రాలూ మూతా ఉన్న చెత్త డబ్బా శబ్దం మీద ఉన్న 2000/14 ఆదేశం పరిధిలోకి వస్తుందంటే చాలామంది నమ్మరు. ‘కదిలే చెత్త డబ్బా’ ఆ జాబితాలో పేరుతో సహా ఉంది. గరిష్ఠ హద్దు లేదు, కానీ కొలిచి, హామీ ఇచ్చిన ధ్వని శక్తి అంకెను, యూరప్ నిబంధనలు పాటించామని చెప్పే సీఈ గుర్తు పక్కన వేయాలి. మోటారు స్వీపర్‌కూ ఇదే. దానికి యంత్రాల ఆదేశం 2006/42 అదనం. 2027 జనవరి 20 నుంచి దాని స్థానంలో 2023/1230 నిబంధన వస్తోంది కాబట్టి ఇప్పుడు డిజైన్ మొదలుపెట్టేవారు కొత్తదాన్నే చదువుకోవాలి.

విద్యుత్ పరికరాల్లో ప్రమాదకర పదార్థాల ఆదేశం, అంటే రోహ్స్, నుంచి వృత్తిపరమైన వాడకానికే అమ్మే, సొంత శక్తితో కదిలే యంత్రాలకు మినహాయింపు ఉంది. మున్సిపల్ స్వీపర్ దానిలోకి వస్తుంది. అదే చిన్న మోడల్‌ను దుకాణంలో ఇళ్లవారికి కూడా అమ్మితే మినహాయింపు పోతుంది. క్యాటలాగులో ‘ఇంటికీ, ఆఫీసుకీ’ అని ఒక్క వాక్యం ఉన్నా అది మనకు వ్యతిరేక సాక్ష్యమే. బ్యాటరీకి 2023/1542 నిబంధన వేరే. 2 కిలోవాట్ అవర్ దాటిన పారిశ్రామిక బ్యాటరీకి 2027 ఫిబ్రవరి 18 నుంచి డిజిటల్ పాస్‌పోర్టు కావాలి. లిథియం బ్యాటరీతో నడిచే వాహనం ఓడ ఎక్కేటప్పుడు ప్రమాదకర సరుకుల నంబరు యూఎన్ 3556 కింద ప్రకటించాలి. పాత 3171 నంబరు అలవాటుగా రాస్తే బుకింగ్ వెనక్కి వస్తుంది.

కార్బన్ సుంకం ఎవరికి తగులుతుంది

యూరప్ కార్బన్ సరిహద్దు సుంకం, సీబామ్, 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో మొదలైంది. వస్తువు పేరును బట్టి కాదు, కస్టమ్స్ కోడును బట్టి తగులుతుంది. తోపుడు బండి 8716 కింద, పార 8201 కింద, చీపురు 9603 కింద వెళ్తాయి, వీటికి ఈ కార్బన్ సుంకం లేదు. అదే షెడ్డులో చేసిన ఉక్కు చెత్త డబ్బా 300 లీటర్ల లోపైతే 7310, దాటితే 7309. ఈ రెండూ జాబితాలో ఉన్నాయి. విడిగా పెట్టెల్లో పంపే బోల్టులు 7318, అవీ ఉన్నాయి. ఏడాదికి ఒక దిగుమతిదారు తెచ్చే ఇలాంటి సరుకు మొత్తం 50 టన్నులు దాటకపోతే అతనికి మినహాయింపు. ఆ 50 టన్నులు మన ఒక్కరివి కావు, అతను అందరి దగ్గరా కొన్నవి కలిపి. అందుకే మన రెండు టన్నులకు కూడా అతను లెక్క అడుగుతాడు.

లెక్క ఎక్కడ నుంచి వస్తుంది? ఉక్కు కరిగించిన మిల్లు నుంచి. హీట్ నంబరు, అంటే ఉక్కు కరిగించిన విడత నంబరు, ఉన్న మిల్లు సర్టిఫికెట్ ఉంటే ఆ మిల్లును ఉద్గారాల అంకె అడగొచ్చు. తుక్కు, బొగ్గు స్పాంజ్ ఐరన్ కలిపి కరిగించి, రీరోలింగ్ చేసి, మూడు చేతులు మారి వచ్చిన రేకుకు హీట్ నంబరే ఉండదు. అప్పుడు యూరప్ తన డీఫాల్ట్ అంకె వేస్తుంది, అది మనకు అనుకూలంగా ఉండదు. 2024 డిసెంబరులో మన ఉక్కు మంత్రిత్వ శాఖ ప్రకటించిన గ్రీన్ స్టీల్ వర్గీకరణ టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లోపు ఉంటేనే పచ్చ ముద్ర అంటుంది. 1.6 లోపైతే ఐదు నక్షత్రాలు. ఆ ముద్ర సీబామ్ కాగితానికి బదులు కాదు, కానీ ఆ ముద్ర ఉన్న మిల్లు దగ్గర లెక్కలు సిద్ధంగా ఉంటాయి. కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువైనా నేరుగా అలాంటి చోట కొనడం మేలు. సుంకం తప్పించుకోవడానికి డబ్బాను బండి కోడులో చూపించే ఆలోచన మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

చీపుర్లు, చెక్క, కంటైనరు

రాయగడ, కొరాపుట్ కొండల్లో గిరిజనులు కోసే కొండ చీపురు గడ్డికీ, గంజాం తీరం కొబ్బరి ఈనెల చీపురుకూ రసాయనాల బెడద లేదు. పురుగుల బెడద ఉంది. సరిగ్గా ఎండకపోతే కట్టలోనే గుడ్లు పొదుగుతాయి. గమ్యదేశం ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగు, తెగులు లేవన్న ధ్రువపత్రం) అడుగుతుందో లేదో ఆర్డరుకు ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. విశాఖ ప్లాంట్ క్వారంటైన్ వద్ద తనిఖీకి రోజులు పడతాయి.

బండి ఎంత శుభ్రమైనా కింద వేసిన చెక్క ప్యాలెట్ మీద ముద్ర లేకపోతే కంటైనరు మొత్తం ఆగుతుంది. చెక్క ప్యాకింగ్ మీద ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌పీఎం 15 ప్రకారం చెక్క నడిగర్భం 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు ఏకధాటిగా చూడాలి. గోధుమ కంకి గుర్తు, దేశం కోడు, హెచ్‌టీ అక్షరాలు ప్రతి ప్యాలెట్‌కూ ఉండాలి. కంటైనరులో ఆఖరి నిమిషంలో అడ్డుకట్టగా తోసే చెక్క ముక్కలకూ ఇదే నియమం, అవే ఎక్కువగా పట్టుబడతాయి. ప్లైవుడ్‌కు మినహాయింపు.

కొత్తగా జింకు పూసిన ఫ్రేములను వానాకాలంలో తడిగా, ఒకదానికొకటి ఆనుకునేలా పేర్చితే విశాఖ రేవు చేరేలోపే మధ్యలో తెల్ల పొడి లేస్తుంది. మధ్య మధ్య ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి గాలి ఆడనివ్వాలి, కంటైనరు మూసే ముందు తేమ పీల్చే సంచులు వేలాడదీయాలి. పచ్చి చెక్క ప్యాలెట్ దారంతా తేమ వదులుతూనే ఉంటుంది.

మన వైపు కాగితాలు, ఐఈసీ, ఏడీ కోడు, జీఎస్టీ ఎల్‌యూటీ, ఏ కస్టమ్స్ ఏజెంటైనా చేసిపెడతాడు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి మాత్రం మనమే చూసుకోవాలి. ప్లేటింగ్, పిక్లింగ్ (యాసిడ్‌తో ఉక్కును కడగడం) షెడ్డులోనే చేస్తే యాసిడ్ బురద ప్రమాదకర వ్యర్థం. 2016 నియమాల ప్రకారం 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, అధీకృత సంస్థకు మానిఫెస్టుతో అప్పగించాలి. జాబ్ వర్కుకు బయటికి పంపినా ఆ ప్లేటర్‌కు అనుమతి ఉందో లేదో కాపీ తీసుకోవాలి. యూరప్ కొనుగోలుదారు ఆడిట్‌కు వచ్చినప్పుడు షెడ్డు వెనక కాలువ కూడా చూస్తాడు.

చివరగా, ప్రతి బ్యాచ్ నుంచి ఒక రంగు వేసిన రేకు ముక్క, రెండు బోల్టులు, ఒక గ్రిప్పు, డబ్బా అంచు ముక్క తీసి జిప్ కవర్లో వేసి, మీద బ్యాచ్ నంబరు, సరఫరాదారు బిల్లు నంబరు రాసి పెట్టుకోవాలి. మోటారు యంత్రమైతే సాంకేతిక ఫైలు పదేళ్లు ఉంచాలి కాబట్టి ఈ కవర్లూ పదేళ్లు ఉండాలి. తేమ చేరని ఉక్కు బీరువాలో ఒక అర చాలు.